పైకప్పు మీద గడియారం: తిరుపతి ఇళ్లకు ఏ ప్రొజెక్షన్ అలారం నప్పుతుంది?

పోయిన డిసెంబరులో మా చిన్నాన్న కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వస్తూ అమ్మకు ఒక అలారం గడియారం తెచ్చాడు. చీకట్లో కళ్లు తెరిస్తే చాలు, పైకప్పు మీద ఎర్రటి అంకెల్లో టైము కనిపిస్తుంది. కళ్లజోడు వెతుక్కోవద్దు, లైటు వేయొద్దు. "దీనికి మనం టైము పెట్టే పని కూడా లేదు పెద్దమ్మా, రేడియో సిగ్నల్ పట్టుకుని అదే సరిచేసుకుంటుంది" అన్నాడు వాడు. టైమ్ జోన్ (ఏ దేశపు టైము చూపాలన్నది) ఒక్కటి మార్చి, మూడింటికి అలారం పెట్టి, నిద్రకు పోయాడు.

అది ధనుర్మాసం. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల. మామూలు రోజుల్లో కాస్త అటూ ఇటూ అయినా అమ్మ పట్టించుకోదు కానీ, ఆ నెల మాత్రం మూడంటే మూడే. మర్నాడు అలారం మోగింది. అమ్మ లేచి తలుపు తీసి చూస్తే, ఎదురింటావిడ అప్పటికే నీళ్లు చల్లి, ముగ్గు వేసి, గొబ్బెమ్మలు కూడా పెట్టేసింది. "ఇదేందిరా పెద్దోడా, మీ జర్మనీ గడియారం అరగంట ఎనక ఉండాది!"

సరిగ్గా అరగంటే. నిమిషం కూడా తేడా లేదు. ఆ అరగంట ఎక్కడిదో తెలుసుకునేసరికి, ఈ గడియారాల గురించి తెలియాల్సినవన్నీ తెలిసిపోయాయి. ఇప్పుడు చుట్టాల్లో ఎవరు ఇలాంటిది కొనాలన్నా నన్నే అడుగుతున్నారు. అందరికీ మొదట చెప్పేది ఒకటే: "రేడియో కంట్రోల్డ్" అన్న మాటకు మన ఊళ్లో ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఆ రేడియో మన దాకా రాదు

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర మైన్‌ఫ్లింగెన్ అనే చోట డీసీఎఫ్77 అనే టైము స్టేషన్ ఉంది. 77.5 కిలోహెర్ట్జ్ మీద, అణు గడియారాల లెక్క ప్రకారం, రాత్రింబవళ్లు టైము పంపుతూనే ఉంటుంది. పంపే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ప్రతి సెకను మొదట్లో సిగ్నల్ ఒక్క క్షణం బలం తగ్గుతుంది. ఆ తగ్గుదల సెకనులో పదో వంతు ఉంటే సున్నా, ఐదో వంతు ఉంటే ఒకటి. చివరి సెకనులో తగ్గుదలే ఉండదు, అంటే తర్వాత వచ్చేది కొత్త నిమిషం అని గుర్తు. ఇలా నిమిషానికి ఒకసారి గంట, నిమిషం, తేదీ, వారం అన్నీ గడియారానికి అందుతాయి. లోపలున్న చిన్న ఫెర్రైట్ కడ్డీ యాంటెన్నా రాత్రిపూట, సిగ్నల్ బాగా అందే వేళ, దాన్ని విని టైము సరిచేసుకుంటుంది.

ఇదంతా ఆ స్టేషన్ నుంచి సుమారు 2,000 కిలోమీటర్ల లోపే. తిరుపతి అక్కడికి 7,000 కిలోమీటర్లకు పైనే. ఇంగ్లండులో ఆంథార్న్ నుంచి, అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ నుంచి ఇలాంటివే 60 కిలోహెర్ట్జ్ మీద వస్తాయి. జపాన్‌కు 40, 60 రెండూ ఉన్నాయి, చైనాకు 68.5. గడియారం ఏ దేశం కోసం చేశారో ఎక్కువగా ఆ దేశం సిగ్నల్ కోసమే వెతుకుతుంది. మన దేశంలో ఇలా ఇళ్లలోని గడియారాలకు టైము అందించే లాంగ్‌వేవ్ స్టేషన్ లేదు. భారత ప్రామాణిక కాలాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ అణు గడియారాలతో కాపాడుతుంది కానీ, అది మనకు చేరేది ఇంటర్నెట్ లాంటి దారుల్లో.

ఇక అరగంట సంగతి. మన టైము లెక్క 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, అది మన రాష్ట్రంలో కాకినాడకు దగ్గరగా పోతుంది. (సూర్యుడి లెక్కన చూస్తే తిరుపతి దానికి 12 నిమిషాలు వెనకే, అది వేరే కథ.) అందుకే మనది గ్రీనిచ్‌కు ఐదున్నర గంటల ముందు. చలికాలంలో జర్మనీకీ మనకూ తేడా నాలుగున్నర గంటలు, వాళ్ల ఎండాకాలంలో మూడున్నర. కానీ ఈ గడియారాల్లో చాలావాటికి జోన్ పూర్తి గంటల్లోనే మారుతుంది. మావాడు ప్లస్ నాలుగు పెట్టాడు. మిగిలిన అరగంట అమ్మ నెత్తిన పడింది. ప్లస్ ఐదు పెట్టి ఉంటే అరగంట ముందే లేచేది, ఎదురింటావిడ మీద గెలిచేది కూడా.

కాబట్టి సిగ్నల్ ఏదో మహిమతో అందినా, అరగంట జోన్ లేని గడియారం మన ఇంట్లో తప్పు టైమే చూపిస్తుంది. బంధువులు తెస్తామంటే వద్దనక్కర్లేదు. లోపల ఉన్నది మంచి క్వార్ట్జ్ గడియారమే, ప్రొజెక్షన్ కూడా చాలావాటిలో తేటగా ఉంటుంది. దాన్ని రేడియో లేని గడియారంలా వాడుకోవాలి, అంతే.

మన ముందున్నవి ఏవి

ఆన్‌లైన్లో వెతికేటప్పుడు ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "రేడియో ప్రొజెక్షన్ క్లాక్" అని ఉంటే చాలాసార్లు అది ఎఫ్ఎం రేడియో ఉన్న గడియారం. టైము సిగ్నల్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. అలారం బదులు పాటతో లేవచ్చు, బాగానే ఉంటుంది. కాకపోతే మీరు లేచే వేళకు ఆ స్టేషన్ ప్రసారం ఉండాలి కదా. మూడింటికి లేచేవాళ్లకు స్టేషన్ మొదలవకపోతే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ రాదు. అలారం మాత్రం బీప్ మీదే పెట్టుకోండి.

చేత్తో టైము పెట్టే మామూలు ప్రొజెక్షన్ గడియారం: నా లెక్కలో మన ఊళ్లో ఎక్కువ మందికి సరిపోయేది ఇదే. వెయ్యి రూపాయల అటూ ఇటూ మొదలవుతాయి. నెలకోసారి ఫోన్ చూసి సరిచేసుకుంటే చాలు. కొనేముందు ఒక్కటి చూడండి: ప్రొజెక్షన్ రాత్రంతా వెలుగుతుందా, నొక్కినప్పుడు ఐదు సెకన్లు మాత్రమేనా? సెల్లుల మీద మాత్రమే నడిచేవి ఎక్కువగా ఈ రెండో రకం. అర్ధరాత్రి చెయ్యి చాచి బటన్ వెతికేదానికి, ఫోన్ తీసుకుని చూసేదానికి తేడా ఏముంది? అడాప్టర్‌తో నడిచి, కరెంటు పోయినప్పుడు టైము నిలుపుకోవడానికి సెల్లు ఉన్నదే తీసుకోండి.

వైఫై గడియారం: నిజంగా దానంతట అదే టైము సరిచేసుకునేది కావాలంటే మనకున్న దారి ఇదే. ఇంటి ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకుంటుంది, జోన్‌లో కోల్‌కతా అనో, ప్లస్ 5:30 అనో ఉంటుంది. ఆ అరగంట జోన్ ఉందో లేదో పేజీలో చూడకుండా మాత్రం కొనకండి. ఇలాంటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వీటికి కనిపించదు. రెండింటికీ ఒకే పేరు ఉన్న రౌటర్ అయితే మొదటిసారి కలపడం కాస్త తలనొప్పి. ఇంకో సంగతి: లోపల బ్యాకప్ సెల్లు లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ లేచి, నెట్ వచ్చి, టైము తెచ్చుకునే దాకా గీతలు చూపిస్తూ కూర్చుంటుంది. ఆ రాత్రి నెట్ రాకపోతే అలారమూ రాదు. ఇన్వర్టర్ ఉన్న ఇంటికి ఫరవాలేదు, రౌటర్ కూడా ఇన్వర్టర్ లైనులోనే ఉంటే.

విదేశం నుంచి వచ్చేది: జర్మనీ, ఫ్రాన్స్ వైపు నుంచి వస్తే కరెంటు గొడవ లేదు. వాళ్లదీ 230 వోల్టులే, రెండు గుండ్రటి పిన్నులు మన సాకెట్లో పడతాయి. అమెరికా నుంచి వచ్చేదానికి అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉందో లేదో చూడండి. 120 మాత్రమే ఉంటే ఆ అడాప్టర్ పెట్టకండి, కాలిపోతుంది. అవుట్‌పుట్ వోల్టేజీ, పిన్ను సరిపోయే అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవచ్చు. ఇంగ్లండుదానికి పిన్ను మార్చేది కావాలి.

ఇక బెల్లు కొట్టే పాత బల్ల గడియారం. దీన్ని తీసిపారేయకండి. పలమనేరు దగ్గర మా మామ తెల్లవారుజామున పాలు పితకడానికి లేస్తాడు. పడుకునేది వసారాలో, పైన రేకులు. ప్రొజెక్షన్ ఎక్కడ వేస్తాం? ఆయనకు పెన్సిల్ సెల్లు ఒకటి వేస్తే నెలల తరబడి నడిచే బెల్లు గడియారమే రైటు. ఆ మోతకు ఆవులు కూడా లేస్తాయి.

నిద్ర పట్టని బాధ ఉన్నవాళ్లకు కూడా నేను ప్రొజెక్షన్ చెప్పను. రెండున్నర, మూడు పది, మూడు నలభై అని పైకప్పు లెక్క చెబుతుంటే టెన్షన్ పెరుగుతుందే తప్ప కన్ను మూతపడదు. మా ఆవిడ ఈ కారణంతోనే మా గదిలోకి దాన్ని రానివ్వలేదు.

అసలు చూడాల్సింది గది

రేడియో, వైఫై అని తల బద్దలు కొట్టుకుంటాం కానీ, ఇది నచ్చడం, నచ్చకపోవడం గది మీదే ఉంటుంది. మొదటి రాత్రి మావాడు అమ్మ మంచం పక్కన స్టూలు మీద గడియారం పెట్టి, లెన్సు నేరుగా పైకి తిప్పాడు. పైన ఏముంది? ఫ్యాను. అంకెలు సగం రెక్కల మీద, సగం స్లాబు మీద పడి, ఫ్యాను తిరిగేకొద్దీ వణుకుతున్నాయి. "గంట తిరగతా ఉండాది" అంది అమ్మ. మన ఇళ్లలో మంచం ఫ్యాను కిందే వేస్తాం, ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపే మాట లేదు. అందుకే లెన్సును పక్కకు వంచే వీలున్న మోడల్ తీసుకోండి. ఫ్యానుకు దూరంగా పైకప్పు మూలకో, ఎదురు గోడ పైభాగానికో వేసుకోవచ్చు. మరీ ఏటవాలుగా వేస్తే అంకెలు ఒకవైపు సాగుతాయి, ఒక అంచు మసకబారుతుంది. కొద్దిగా వంచడం మేలు.

తర్వాత దోమతెర. గడియారం తెర బయట ఉండాలి, వెలుగు తెరను తాకకుండా పోవాలి. లోపల పెడితే అంకెల వెలుగు కొంత తెర మీదే ఆగిపోతుంది, పైన పడేది పాలిపోతుంది. అమ్మకు నాలుగు వైపులా కట్టే తెర, దానికి పైన కూడా గుడ్డ ఉంటుంది. చివరికి గడియారాన్ని మంచం మీదకు కాక కాళ్ల వైపు గోడ దగ్గర బీరువా మీద పెట్టాం. తెర సన్నది కాబట్టి, చూసే కంటికి దాని గుండా అంకెలు బాగానే కనిపిస్తున్నాయి. వెలుగు దాన్ని దాటి పోవడం, చూపు దాటి పోవడం ఒకటి కావని అప్పుడే తెలిసింది.

బీరువా మీద పెట్టేసరికి ఇంకో తిరకాసు: అంకెలు తలకిందులు. ఉత్తరం వైపు తల పెట్టకూడదు కాబట్టి మంచం తిప్పే ప్రశ్నే లేదు. చాలా మోడళ్లలో అంకెల్ని 180 డిగ్రీలు తిప్పే బటన్ ఉంటుంది. కొన్నిటిలో లెన్సు గొట్టాన్నే తిప్పాలి. రెండూ లేనిది కొనకండి.

నీలం జీరో వాట్ బల్బు వెలిగే గదిలో ప్రొజెక్షన్ వెలవెలబోతుంది. బల్బు ఆర్పేయండి, లేకపోతే వెలుగు పెంచే, తగ్గించే వీలున్నది తీసుకోండి. పైకప్పు తెల్లగా ఉంటేనే ఎరుపు బాగా తేలుతుంది, లేత ఆకుపచ్చ గోడ మీద అదే ఎరుపు మురికిగా కనిపిస్తుంది. ఎత్తు విషయంలో భయం అక్కర్లేదు. మంచం పక్కన రెండున్నర అడుగుల ఎత్తులో పెడితే, పదడుగుల స్లాబుకు ఏడున్నర అడుగుల దూరం, మామూలు గడియారాలకు అది సరైన దూరమే. దూరం పెరిగేకొద్దీ అంకె పెద్దదవుతుంది కానీ వెలుగు పలచబడుతుంది. లెన్సు దగ్గరున్న ఫోకస్ చక్రం తిప్పుతూ అంకెల అంచులు పదునెక్కే చోట ఆపండి. ఇది పగలు చేయకండి, చీకట్లోనే తేడా తెలుస్తుంది.

టైము పెట్టేటప్పుడు

అడాప్టర్ ముందు పెట్టి, తర్వాత బ్యాకప్ సెల్లు వేయండి. విదేశీ గడియారమైతే పెట్టిన వెంటనే సిగ్నల్ కోసం వెతకడం మొదలుపెడుతుంది, టవర్ బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఆ సమయంలో కొన్నిటికి బటన్లు పనిచేయవు, చెడిపోయిందని కంగారు పడొద్దు. కొన్ని నిమిషాల్లో అదే ఆపేస్తుంది. తర్వాత టవర్ గుర్తు ఉన్న బటన్ నొక్కి పట్టుకునో, సెట్టింగ్స్‌లో ఆర్‌సీసీ (రేడియో కంట్రోల్డ్ క్లాక్) అన్నదాన్ని ఆఫ్ చేసో ఆ వెతుకులాట మాన్పించండి. లేకపోతే ప్రతి రాత్రీ లేని సిగ్నల్ కోసం వెతుకుతూ సెల్లు తింటుంది. డీఎస్టీ అని కనిపిస్తే అదీ ఆఫ్. అది వాళ్లు ఎండాకాలంలో గంట ముందుకు జరిపే ఏర్పాటు, మనకు లేదు. జోన్ సున్నాలో పెట్టేయండి, ఇక దాని జోలికి పోవద్దు.

అప్పుడు సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం. జర్మనీదైతే వారాలు జర్మన్‌లో వస్తాయి, భాష దగ్గర ఇంగ్లీషు ఎంచుకోండి. 24 గంటల పద్ధతిలోనే ఉంచమని నా సలహా. 12 గంటల పద్ధతిలో చిన్న పీఎం అక్షరాలు చూసుకోక మధ్యాహ్నం మూడింటికి అలారం పెట్టిన వాణ్ణి నేనే. నాయన భోజనం చేసి కునుకు తీసే వేళకు మోగింది, ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

సెకన్లు కూడా కుదరాలంటే రాబోయే నిమిషం పెట్టి ఆగి, ఫోన్‌లో ఆ నిమిషం పడగానే బటన్ నొక్కండి. రేడియో పెట్టుకునే ఇల్లయితే ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్ సంకేతం దీనికి బంగారం. ఆఖరి బీప్‌కు నొక్కాలి. టీవీ చూసి పెట్టకండి. డిష్ ద్వారా వచ్చే బొమ్మ అసలు టైముకు కొన్ని సెకన్లు వెనకే ఉంటుంది.

టైము పెట్టాక అడాప్టర్ పీకి పది నిమిషాలు చూడండి. ప్రొజెక్షన్ ఆరిపోతుంది, అది మామూలే. లోపల టైము నడుస్తూ ఉందా, అలారం ఆ స్థితిలో మోగుతుందా అన్నదే పరీక్ష. కొన్నిటిలో బటన్ సెల్లు టైమును మాత్రమే కాపాడుతుంది, అలారం మోగించే బలం దానికి ఉండదు. ఇది కరెంటు పోయిన రాత్రి తెలుసుకోవడం కంటే పగలు తెలుసుకోవడం మంచిది. మా ఇంట్లో ఉన్నది పెన్సిల్ సెల్లులు పడే రకం, కరెంటు లేకున్నా గట్టిగానే మోగుతుంది.

అలారం టైము పెట్టడం వేరు, అలారం ఆన్ చేయడం వేరు. గంట బొమ్మ తెర మీద ఉండాలి. సోమవారం నుంచి శుక్రవారం వరకే మోగే ఏర్పాటు ఉంటే చూసుకుని మార్చండి. మన ఇళ్లలో శనివారమే కదా అందరికంటే ముందు లేచేది.

ఇక ఎంత తప్పుతుంది అన్నది. ఈ గడియారాల్లోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. అంతకంటే చల్లబడినా, వేడెక్కినా నెమ్మదిస్తుంది. 40 డిగ్రీల గదిలో అందుకోసమే రోజుకు అర సెకనుకు పైగా, నెలకు 20 సెకన్ల దాకా వెనకబడుతుంది. గడియారానికి స్వతహాగా ఉండే తేడా దీనికి అదనం. ఏసీ గదిలో ఇది కనిపించదు. తిరుపతి కొర్లగుంటలో పై అంతస్తులో, పడమటి గోడ ఎండ తాగే మా గదిలో మాత్రం మే నెలాఖరుకు తేడా బాగానే తెలిసింది. అందుకని ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి సరిచేస్తున్నాను.

ఆన్‌లైన్ దర్శనం టికెట్లు పదింటికి తెరిచే రోజు ఈ గడియారాన్ని నమ్ముకోకండి, దానికి ఫోన్ టైమే చూడండి. మూడింటికి లేచి ముగ్గు వేయడానికి 20 సెకన్లు ఒక లెక్కా అంటారా? అమ్మను అడిగితే, ఎదురింటావిడ గడియారం ఎంత ముందుందో కనుక్కుని రమ్మంటోంది.